చిన్న పడవను ప్లానర్ బోర్డుల ట్రోలింగ్‌కు సిద్ధం చేసుకోవడం ఎలా?

"బోర్డు పక్కకి పోవడం లేదు, పడవ వెనకే ఈడ్చుకుంటూ వస్తోంది." "రాడ్ హోల్డర్ ఊడి, రాడ్డుతో సహా నీళ్లలో పడింది." "మలుపు తిప్పగానే నాలుగు లైన్లూ జడలా అల్లుకుపోయాయి." మిషిగన్, ఒహాయోల్లో కొత్తగా పడవ కొని వాల్‌ఐ చేపల కోసం ఈరీ సరస్సుకో, సాగినా బేకో బయల్దేరే మనవాళ్లు మళ్లీమళ్లీ అడిగేవి ఇవే. చాలాసార్లు లోపం బోర్డులో ఉండదు. పడవ దానికి సిద్ధంగా ఉండదు. హోల్డర్ ఎక్కడ, ఎలా బిగించారు, పడవ ఎంత నెమ్మదిగా, ఎంత నిలకడగా నడుస్తుంది అన్న రెండూ సరిచేస్తే మిగతాది అభ్యాసంతో వచ్చేస్తుంది.

ట్రోలింగ్ అంటే పడవను నెమ్మదిగా నడుపుతూ వెనక ఎరను లాగి చేపలు పట్టడం. సూత్రం రెండు మాటల్లో చెప్పొచ్చు. ప్లానర్ బోర్డు నీళ్ల మీద ఎగిరే గాలిపటం. పడవ లాగుతుంటే నీటి ఒత్తిడి బోర్డును పక్కకి నెడుతుంది, దానితోపాటు ఎర కూడా పడవకు దూరంగా వెళ్తుంది. ఈరీ పడమటి భాగం సగటు లోతు 24 అడుగులే. అంత తక్కువ నీటిలో పడవ తలమీదుగా వెళ్తే చేపలు పక్కకి తప్పుకుంటాయి. తప్పుకున్న చోటికే ఎరను పంపడం బోర్డు పని.

బోర్డుల్లో రెండు రకాలున్నాయి. పడవ ముందు స్తంభం నిలబెట్టి, దాని నుంచి తాడుతో పెద్ద బోర్డులు లాగే పద్ధతి ఒకటి. గేలం లైనుకే నేరుగా చిన్న బోర్డు తగిలించే ఇన్‌లైన్ పద్ధతి రెండోది. 16 నుంచి 18 అడుగుల అల్యూమినియం పడవకు ఇన్‌లైన్ బోర్డులే మంచివి. స్తంభం పెట్టాలంటే ముందు డెక్కు కింద గట్టి బలం కావాలి, పైగా చిన్న పడవలో అది అడ్డం. ఇక్కడ చెప్పేదంతా ఇన్‌లైన్ పద్ధతి గురించే.

కావలసినవి

బోర్డులు నాలుగు, ఎడమవి రెండు, కుడివి రెండు. ఆఫ్‌షోర్, చర్చ్ కంపెనీలవి ఈ సరస్సుల మీద ఎక్కువ మంది వాడతారు. చేప పడితే వంగే జెండా ఉన్నవి తీసుకోండి.

రాడ్ హోల్డర్లు నాలుగు. కోణం మార్చుకునే వీలుండాలి. ప్లాస్టిక్ కంటే అల్యూమినియంవి నయం.

ట్రాకులు రెండు, పక్కకి ఒకటి, ఒక్కోదాని మీద రెండు హోల్డర్లు రెండడుగుల ఎడంలో పట్టేంత పొడుగు. హోల్డర్లను ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు, కోణాలు తేలేదాకా మళ్లీ మళ్లీ రంధ్రాలు వేయక్కర్లేదు.

పావు అంగుళం మందం, అంగుళానికి 20 మరలున్న 316 స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ ఉన్న లాక్ నట్లు, వెడల్పు వాషర్లు. అడుగున పెట్టడానికి 3/16 అంగుళం మందం అల్యూమినియం పట్టీలు.

పడవలకు వాడే సీలెంటు, టెఫ్‌జెల్ లాంటి పేస్టు.

8 నుంచి 8.5 అడుగుల మీడియం ట్రోలింగ్ రాడ్లు, ఎంత లైను వదిలామో చూపే లైన్ కౌంటర్ ఉన్న రీళ్లు, 20 పౌండ్ల మోనో (ఒకే పోగు నైలాన్) లైను.

పొడుగు కాడ ఉన్న వల. కాడ 7, 8 అడుగులు ఉంటే మంచిది. బోర్డు తీస్తూ చేపను అందుకోవాలంటే పొట్టి వల చాలదు.

మీ పడవ లండ్, ఆల్యుమాక్రాఫ్ట్, ట్రాకర్ లాంటిదైతే అంచులోనే కంపెనీ ట్రాకు ఉండొచ్చు. ఉంటే దానికి సరిపోయే అడాప్టర్లు కొనుక్కుంటే చాలు, డ్రిల్లు ముట్టుకోవక్కర్లేదు. నేరుగా 4వ దశకు వెళ్లండి.

1. ముందు టేపుతో గుర్తు పెట్టండి

పడవను ట్రైలర్ మీదే చదునైన చోట నిలిపి, మీరు నడిపేటప్పుడు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చోండి. హోల్డర్లు రావాల్సిన చోట్ల అంచు మీద మాస్కింగ్ టేపు అంటించండి. ఒక పక్కన ఉండే రెండు హోల్డర్ల మధ్య రెండు అడుగులుండాలి. వెనకది మోటారు తిరిగే దారికి అడ్డం రాకూడదు, ముందుది లేచి నిలబడకుండానే చేతికి అందాలి. రెండో షరతు చాలామంది పట్టించుకోరు. అలల్లో పడవ అంచు మీదికి వంగి రాడ్డు తీయాల్సి వస్తే మనిషి కూడా నీళ్లలోకి పోతాడు.

ఇప్పుడు ఒక రాడ్డు తీసుకుని టేపు పెట్టిన ప్రతిచోటా పక్కకి చాపి పట్టుకోండి. విండ్‌షీల్డుకు గానీ, సీటుకు గానీ, వెనక రాడ్డుకు గానీ తగులుతోందా? హోల్డరు మడిచాక పడవ గ్యారేజీలో పడుతుందా? ఇవి చూడడానికి పావుగంట పట్టదు. తప్పు చోట వేసిన రంధ్రం మాత్రం పడవ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

2. అంచు కింద ఏముందో చూసి రంధ్రాలు వేయండి

అంచు కింద చెయ్యి పెట్టి తడమండి. లైట్ల వైర్లు, స్టీరింగ్ కేబులు, పెట్రోలు గొట్టం అక్కడే పోతుంటాయి. కంటికి కనబడకపోతే ఫోన్ కెమెరా లోపలికి పెట్టి వీడియో తీసి చూడండి.

మొదట 1/8 అంగుళం బిట్టుతో చిన్న రంధ్రం, తర్వాత 17/64 బిట్టుతో పెద్దది. బిట్టు లోతుకి పోకుండా దానికి టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. రంధ్రం అంచుల్లో మిగిలిన గరుకుని చేత్తో తిప్పే పెద్ద బిట్టుతో తీసేయండి. అల్యూమినియం పొడి అంతా వాక్యూమ్ చేయండి. అది పడవ అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపులోకి పోతే పంపు ఇరుక్కుపోతుంది.

3. బిగింపు, అడుగు పట్టీ

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన పని ఇది. లెక్క చూడండి. 8.5 అడుగుల రాడ్డులో 7 అడుగులు హోల్డరుకు బయట ఉంటుంది. కొసన బోర్డు 5 పౌండ్ల బలంతో లాగితే హోల్డరు మొదట్లో 35 అడుగు-పౌండ్ల మెలిక పడుతుంది. బేసు బోల్టులు మూడు అంగుళాల ఎడంలో ఉంటే ఒక వైపు బోల్టుల మీద పైకి లాగే బలం 140 పౌండ్లు! పెద్ద చేప కొట్టినా, అల కుదిపినా అది రెట్టింపవుతుంది. పల్చటి అల్యూమినియం రేకులో స్క్రూలు, పాప్ రివెట్లు దీనికి ఆగవు. ఊడి నీళ్లలో పడిన హోల్డర్లన్నీ దాదాపు ఇలా బిగించినవే.

అందుకే రేకులోంచి అవతలికి పోయేలా బోల్టు వేసి, అడుగున 3/16 అల్యూమినియం పట్టీ పెట్టండి. పట్టీ ట్రాకు పొడుగంతా ఉంటే భారం ఒకచోటే పడకుండా పంచుకుంటుంది. పట్టీకి బదులు ప్రెషర్ ట్రీటెడ్ చెక్క వాడకండి. అందులోని రాగి మందు తడిలో అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు ప్లైవుడ్ నీళ్లు పీల్చి మెత్తబడుతుంది. అల్యూమినియం దొరకకపోతే మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పలక పనికొస్తుంది.

స్టెయిన్‌లెస్ బోల్టు, అల్యూమినియం రేకు తడిలో కలిసి ఉంటే రేకు తుప్పులాగా తెల్లబడి కరుగుతుంది. బోల్టుకు టెఫ్‌జెల్ రాసి బిగించండి. రంధ్రం చుట్టూ సీలెంటు పూయండి. 3ఎం కంపెనీ సీలెంట్లలో శాశ్వతంగా అతికే 5200 రకం వద్దు, 4200 రకం చాలు. రేపు ట్రాకు మార్చాలంటే ఊడిరావాలి కదా.

పరీక్ష: హోల్డరులో నాలుగడుగుల గట్టి కర్ర పెట్టి, కొసకు స్ప్రింగ్ త్రాసు తగిలించి 20 పౌండ్ల దాకా లాగండి. అంచు రేకు కంటికి కనబడేలా వంగిందంటే పట్టీ చిన్నది. పెద్దది వేయండి. ఈ పరీక్ష చెయ్యకుండా సరస్సుకు వెళ్లొద్దు.

4. కోణాలు

లైన్లు అల్లుకోవడం సగం ఇక్కడే మొదలవుతుంది. ముందు హోల్డరులో రాడ్డు బాగా నిటారుగా, నీటికి 60, 70 డిగ్రీల కోణంలో ఉండాలి. వెనకది పడుకోబెట్టినట్టు 30 డిగ్రీల దగ్గర. రెండూ పడవకు అడ్డంగా బయటికి చూడాలి.

అన్నిటికంటే దూరంగా పోయే బోర్డు ముందు రాడ్డుది. దగ్గరగా ఉండేది వెనక రాడ్డుది. ముందు రాడ్డు ఎత్తులో ఉంటుంది కాబట్టి దాని లైను వెనక లైను మీదుగా పోతుంది. ఈ వరస తిరగబడితే ఒక చేప పడగానే రెండు లైన్లు ముడిపడతాయి.

5. వేగం

వసంతంలో నీళ్లు చల్లగా ఉన్నప్పుడు క్రాంక్‌బైట్లకు (చిన్న చేపలా ఈదే గట్టి ఎరలు) గంటకు 1.0 నుంచి 1.5 మైళ్లు, వానపాములు గుచ్చే హార్నెస్‌కు కూడా అంతే. వేసవిలో 2.0 నుంచి 2.5 మైళ్లు. చాలా పడవల్లో పెద్ద మోటారు ఐడిల్‌లోనే ఇంతకంటే వేగంగా పోతుంది. తగ్గించడానికి దారులు మూడు.

కిక్కర్ అనే చిన్న మోటారు. 6 నుంచి 9.9 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ సరిపోతుంది. బరువు మర్చిపోకండి. 9.9 మోటారు 85 నుంచి 110 పౌండ్లు ఉంటుంది, అదంతా వెనక గోడ మీదే. పడవ లోపల అంటించిన కెపాసిటీ పలక చదివి, మనుషులు, ఇంధనం, బ్యాటరీలు అన్నీ కలిపి లెక్క వేయండి. కిక్కరును పెద్ద మోటారుకు కలిపే కడ్డీ వేస్తే మీ స్టీరింగుతోనే తిప్పుకోవచ్చు.

ముందు బిగించే ఎలక్ట్రిక్ మోటారు. 24 వోల్టులు, 80 పౌండ్ల థ్రస్టు (తోసే బలం) ఉండి, దిశ పట్టుకుని తనంతట తానే నడిచే రకమైతే ఇద్దరే వెళ్లినప్పుడు ఎంతో సాయం. ఒకరు చేపతో ఉంటే ఇంకొకరు వలతో ఉంటారు, స్టీరింగు దగ్గర ఎవరూ ఉండరు. గాలి ఎక్కువైతే బ్యాటరీ త్వరగా అయిపోతుంది కాబట్టి దీన్ని కిక్కరుకు తోడుగా వాడుకోవడం మేలు.

ట్రోలింగ్ బ్యాగులు. నీళ్లలో గొడుగులా తెరుచుకుని పడవను వెనక్కి పట్టే గుడ్డ సంచులు. ఖర్చు తక్కువ. రెండు పక్కలా ఒక్కోటి, ముందు క్లీట్ (తాడు కట్టే కొక్కెం) నుంచి కట్టండి. తాడు పొడుగు ఒడ్డునే కొలవండి. సంచిని మోటారు వైపు పూర్తిగా లాగినా ప్రొపెల్లర్‌కు మూడడుగులు ముందే ఆగాలి. పెద్ద మోటారు స్టార్ట్ చేసేముందు రెండు సంచులూ పైకి తీశామా అని నోటితో అడిగి చెప్పుకోవడం అలవాటు చేసుకోండి.

పరీక్ష: జీపీఎస్‌లో వేగం చూస్తూ ఒకసారి గాలికి ఎదురుగా, ఒకసారి గాలి వాలుగా పది నిమిషాలు నడపండి. రెండు వైపులా గంటకు 1.5 మైళ్లు నిలబడాలి. ఒకవైపు 1.2, రెండో వైపు 2.2 చూపిస్తుంటే బోర్డులు వేయకండి. ముందు థ్రాటిల్ సర్దుకోవడం నేర్చుకోండి, లేదా సంచి కలపండి.

6. బోర్డులు సిద్ధం చేయడం

బోర్డు మీద ఎడమ, కుడి రాసి ఉంటుంది. ఎడమది కుడివైపు వేస్తే పడవ కిందికే దూరి వస్తుంది. "బోర్డు పక్కకి పోవడం లేదు" అన్న ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే. చీకట్లో తేడా తెలిసేలా ఎడమ బోర్డులకు ఎర్ర టేపు, కుడివాటికి ఆకుపచ్చ టేపు చుట్టండి. మీ ఫోన్ నంబరు కూడా రాసి పెట్టండి.

ముందు క్లిప్పు లైనును గట్టిగా పట్టాలి. వెనక క్లిప్పు మధ్యలో చిన్న మేకు ఉన్న రకమైతే లైను దాని వెనకనుంచి పోతుంది కాబట్టి ముందు క్లిప్పు వదిలేసినా బోర్డు లైనుకే వేలాడుతుంది, పోదు. గాలిపటానికి సూత్రం సరిగా కట్టకపోతే గింగిరాలు కొడుతుంది కదా, క్లిప్పులు వంకరగా ఉంటే బోర్డు కూడా అంతే.

బ్రెయిడ్ (అల్లిన) లైను వాడితే క్లిప్పులో జారుతుంది. ముందు క్లిప్పు చుట్టూ రెండు మూడు చుట్లు వేయండి, లేదా మోనోకు మారండి. కొత్తవాళ్లకు మోనోనే మంచిది. కొద్దిగా సాగుతుంది, చేప నోరు చిరగదు.

7. ఇంటి దగ్గర సరస్సులో మొదటి ప్రయత్నం

మొదటిసారే ఈరీకి వెళ్లకండి. నోవై, కాంటన్ వైపు ఉండేవాళ్లకు కెన్సింగ్టన్ పార్కులోని కెంట్ లేక్ దగ్గర్లోనే ఉంది. గాలి లేని ఉదయం అక్కడ గేలాలు తీసేసిన ఎరతో అభ్యాసం చేయండి.

పడవను 1.5 మైళ్ల దగ్గర నిలపండి. ఎరను పడవ పక్కనే నీళ్లలో వదిలి చూడండి. తిన్నగా ఈదుతోందా? పక్కకి పడుతుంటే ముక్కు దగ్గర కొక్కేన్ని పడుతున్న దిక్కుకు ఎదురు దిక్కుగా కొద్దిగా వంచండి. కౌంటర్ సున్నా చేసి 60 అడుగులు వదలండి. బోర్డు తగిలించి నీళ్ల మీద మెల్లగా పెట్టండి, విసరకండి. బొటనవేలు స్పూలు మీద ఉంచుతూ లైను వదిలితే బోర్డు తానే పక్కకి నడుస్తుంది. బయటి బోర్డుకు 100 అడుగులు, లోపలి దానికి 50 అడుగులు చాలు. బోర్డుకు బోర్డుకు మధ్య కనీసం 20 అడుగులు ఖాళీ ఉండాలి. రాడ్డు హోల్డరులో పెట్టి, బోర్డు లాగుడుకు లైను జారనంత మాత్రం డ్రాగ్ (రీలు బ్రేకు) బిగించండి.

సరిగ్గా నడిచే బోర్డు నిలువుగా నిలబడి, ముక్కు కొద్దిగా పైకెత్తి, నీటిని పక్కకి చీలుస్తూ పోతుంది. ముక్కు ముంచుతుంటే వేగం ఎక్కువ. వెనక్కి వంగి వెనకబడుతుంటే ఎర బరువు లాగుతోంది, లేదా గడ్డి తగులుకుంది. జెండా వంగి అలాగే ఉండిపోతే చిన్న చేప ఒకటి పట్టుకుని వస్తోంది.

మలుపులు వెడల్పుగా తిప్పండి. లోపలి పక్క బోర్డు ఆగిపోయి ఎర నెమ్మదిస్తుంది, బయటి పక్కది వేగం పుంజుకుంటుంది. కొత్తవాళ్ల లైన్లు అల్లుకునేది ఇక్కడే. లోపలి పక్క జెండా మలుపులోనే వంగితే చేపలకు ఇంకాస్త నెమ్మది కావాలని అర్థం. బయటి పక్క వంగితే వేగం పెంచండి.

8. చేప పడినప్పుడు

బోర్డు ఒక్కసారిగా వెనక్కి జరుగుతుంది. పడవ ఆపకండి! ఆపితే మిగతా మూడు లైన్లూ సడలి ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. వేగం కొద్దిగా తగ్గించండి, అంతే. రాడ్డును కుదిపి కొట్టక్కర్లేదు, గేలం అప్పటికే పట్టుకుంది. రాడ్డు వంగి ఉండేలా నింపాదిగా చుట్టండి. చేప ముందు రాడ్డుకు పడితే, ఆ రాడ్డును వెనక రాడ్డు మీదుగా దాటించి పడవ వెనక మధ్యలోకి తీసుకుపోండి.

బోర్డు రాడ్డు కొసకు రెండడుగుల దూరంలోకి రాగానే చుట్టడం ఆపాలి. దాటి చుట్టితే బోర్డు కొస రింగుకు ఇరుక్కుని రాడ్డు విరుగుతుంది. రెండో మనిషి క్లిప్పులు నొక్కి బోర్డు తీసేస్తాడు. ఆ రెండు క్షణాలు లైను సడలకూడదు. తర్వాత వల.

బయటి రాడ్డుకు చేప పడితే, లోపలి బోర్డుకే ఇంకా లైను వదిలి బయటి చోటికి పంపి, ఆ రాడ్డును ముందు హోల్డరుకు మార్చండి. కొత్తగా వేసేది లోపల వేసుకోవచ్చు, అన్నీ తీసి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు.

గాలి, భద్రత, చట్టం

ఈరీ లోతు తక్కువ కాబట్టి అలలు త్వరగా లేస్తాయి, దగ్గర దగ్గరగా నిలువుగా వస్తాయి. నేషనల్ వెదర్ సర్వీస్ ఇచ్చే తీరప్రాంత సూచన చూడకుండా బయల్దేరకండి. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ (చిన్న పడవలకు హెచ్చరిక) ఉంటే 16 అడుగుల పడవ ఆ రోజుకు ఇంట్లోనే ఉండాలి. రెండడుగుల అలల్లో బోర్డులు సరిగ్గా నడిచినా మీరు నిలబడి పనిచేయలేరు.

ఏప్రిల్ నీళ్లలో పడితే ఈత వచ్చినా చేతులు కొద్ది నిమిషాల్లోనే మొద్దుబారతాయి. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకోకుండా ఒంటి మీద వేసుకోండి. 16 అడుగులు, ఆపైన ఉన్న పడవలో విసిరే రకం లైఫ్ కుషన్ కూడా ఉండాలి. 26 అడుగుల లోపు పడవల్లో మనిషి ఒంటికి తగిలించుకుని, పడిపోతే మోటారు ఆపే లాన్యార్డును (తాడు) వాడాలన్న కేంద్ర నియమం 2021 ఏప్రిల్ 1 నుంచి ఉంది. అది వేగంగా వెళ్లేటప్పటికే అయినా, కిక్కరుతో నెమ్మదిగా పోతున్నప్పుడూ తగిలించుకోండి. లేకపోతే మనిషి పడిపోయినా పడవ తనదారిన తాను వెళ్లిపోతుంది.

మిషిగన్‌లో మనిషికి మూడు లైన్లు వేసుకోవచ్చు, 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సు కావాలి. ఒహాయో నీళ్లలోకి దాటితే ఆ రాష్ట్రం నియమాలు, ఆ రాష్ట్రం లైసెన్సు వర్తిస్తాయి. చేపల సంఖ్య, పొడవు పరిమితులు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నియమాల పుస్తకం ఫోనులో దింపుకుని ఉంచండి.

తిరిగొచ్చాక

మొదటి మూడు ప్రయాణాల తర్వాత ప్రతిసారీ నట్లు బిగించి చూడండి, కొత్త బిగింపు కొద్దిగా సర్దుకుంటుంది. క్లిప్పుల్లోని రబ్బరు మెరుపెక్కి నున్నగా అయితే మార్చేయండి. బోర్డు తగిలించే చోట లైను గరుకైందా అని వేళ్లతో తడమండి. అయితే ఆ భాగం కోసేసి, కౌంటర్ తప్పు చూపకుండా స్పూలును మళ్లీ మునుపటి మట్టానికి నింపండి.